వేషం విప్పని తోడు

భార్యను పోగొట్టుకున్న ఒక యువకుడు కారులో పోతూ, దారి పక్కన చెయ్యెత్తిన నడివయసు మనిషిని ఎక్కించుకుంటాడు. ఎక్కినవాడు తానే ఎల్విస్ ప్రెస్లీ అంటాడు. మెంఫిస్‌లో గ్రేస్‌ల్యాండ్ అనే తన ఇంటికి చాలాకాలం తర్వాత తిరిగి వెళుతున్నానంటాడు. ఎల్విస్ 1977 ఆగస్టు 16న చనిపోయాడని లోకమంతటికీ తెలుసు, కారు నడుపుతున్న యువకుడికీ తెలుసు. 1998లో వచ్చిన ‘ఫైండింగ్ గ్రేస్‌ల్యాండ్’ అనే అమెరికన్ సినిమా ఇక్కడినుంచి బయలుదేరుతుంది. దర్శకుడు డేవిడ్ వింక్లర్. ఎల్విస్‌గా చెప్పుకునే మనిషి పాత్రలో హార్వే కైటెల్, కారు నడిపే యువకుడిగా జొనాథన్ షేక్, దారిలో తారసపడే మార్లిన్ మన్రో వేషధారిణిగా బ్రిడ్జెట్ ఫోండా నటించారు. ఆడి పేరు తెచ్చుకున్న సినిమా కాదు. గొప్ప సినిమా అని వాదించవలసిన పనీ లేదు. కానీ దాని అమరిక ఆలోచించదగ్గది. విశాఖపట్నం నుంచి చూస్తే మరీను.

విశాఖ ప్రేక్షకుడికి ఈ కథ వినగానే నవ్వు రావచ్చు. వినాయక చవితి పందిట్లోనో, అమ్మవారి పండగ రాత్రి ఆర్కెస్ట్రాలోనో చూసిన, హీరోల వేషం కట్టే జూనియర్ ఎన్టీఆర్లు, జూనియర్ చిరంజీవులు కళ్లముందు మెదులుతారు. చావుబాధలో ఉన్నవాడి పక్క సీట్లో అలాంటి మనిషిని కూర్చోబెడితే అది హాస్యమే అవుతుంది కదా అనిపిస్తుంది. తెలుగు సినిమా కూడా డూప్ ఆర్టిస్టును ఎక్కువగా హాస్యానికే వాడుకుంది. నిజానికి ఈ కథలో అతని పని వేరు. పోయినవారితో అనవలసిన మాటలు మిగిలిపోతాయి. వాటిని అనాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి. పోయినవాడు రాలేడు. దారిన పోయే దానయ్యతో ఆ మాటలు చెప్పుకోలేము. ఇద్దరికీ మధ్య నిలబడగలిగినవాడు వేషగాడు ఒక్కడే. అందుకే ఈ తరహా సినిమా బాగుపడేదీ చెడిపోయేదీ ఒక్క విషయం దగ్గర తేలుతుంది: వేషాన్ని ఎప్పుడు, ఎవరు, ఎందుకు విప్పారు అన్న దగ్గర.

ఈ ఏర్పాటు తెలుగు ఇళ్లకు కొత్త కాదు. తద్దినం పెట్టే ఆచారం ఉన్న కుటుంబాల్లో ఆ రోజు భోక్తలను పిలుస్తారు. తండ్రిని, తాతను, ముత్తాతను వసు రుద్ర ఆదిత్య రూపాలుగా ఆవాహన చేసి, భోక్తను పితృస్థానంలో కూర్చోబెడతారు. కాళ్లు కడుగుతారు. ఆకు వేసి, పోయినాయనకు ఇష్టమైన కూరలు వడ్డిస్తారు. ఆ భోక్త నిన్న సాయంత్రం వీధి మలుపులో స్కూటరు మీద కనిపించిన మనిషేనని వడ్డించే కోడలికి తెలుసు. అయినా ఆ పూట నెయ్యి వేసే చెయ్యి కాస్త వంగి ఉంటుంది, గొంతు కాస్త తగ్గుతుంది. ‘మీరు నిజంగా మా మామగారేనా’ అని భోక్తను ఎవరూ అడగరు. భోజనం కాగానే తాంబూలం, దక్షిణ ఇచ్చి సాగనంపుతారు. వచ్చినట్టే వెళ్లిపోవడం కూడా ఆ క్రతువులో భాగమే.

భోక్తను పిలవని ఇళ్లలో కాకి ఉంది. పిండం పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వాలకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని నమ్మకం. అప్పుడు చూడాలి. అంతవరకూ నోరు మెదపని పెద్దకొడుకు ముందుకొచ్చి ‘చెల్లెలి పెళ్లి నేను చేస్తాను నాన్నా’ అని పైకే అంటాడు. ఇంకా వాలకపోతే అప్పు సంగతి, ఇంటి వాటాల సంగతి, అమ్మ ఎవరి దగ్గర ఉంటుందన్న సంగతి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు కాకి వాలుతుంది, ఆకలి వేస్తే వాలక ఏం చేస్తుంది. కానీ ఈలోగా ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఎవరూ పలకని మాటలు పదిమంది మధ్య పలికేశారు. అచ్చం ఆ అమెరికన్ కారులో జరిగే పని కూడా ఇదే. ఎదుట ఉన్నది నాన్నా కాకా, ఎల్విసా ఎవడో పిచ్చివాడా అన్నది తేల్చుకోవడం ఆ మాటలకు ముందు జరగవలసిన పని కాదు. తేల్చుకోవాలని కూర్చుంటే మాట బయటికి రాదు.

వేషం, దుఃఖం, ఊరేగింపు మూడూ కలిసిన ఉదాహరణ విశాఖకు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆ వార్తకు తట్టుకోలేక ఆయన చెల్లెలు ప్రాణం విడిచిందని, ఆమే పైడితల్లిగా పెద్దచెరువులో వెలసిందని ఐతిహ్యం. అంటే ఉత్తరాంధ్రలో లక్షల మందిని ఒకచోట చేర్చే పండగ మూలంలో ఉన్నది ఒక చెల్లెలి దుఃఖం. ఉత్సవం నాడు చింతమాను చివర బిగించిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. మాను ఆయన్ను జనం తలల మీదుగా ఆకాశంలోకి ఎత్తుతుంది. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లివస్తుంది. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు నడుస్తాయి. జనం అరటిపళ్లు విసురుతారు. ఆ పూట పైన కూర్చున్నది పూజారి అని ఎవరూ అనరు, అమ్మవారు అంటారు.

కోట ఎవరిది? అన్నది. అన్న పోయిన దుఃఖంతో ప్రాణం వదిలిన చెల్లెలు ఏటా ఒక మగవాడి శరీరంలో కూర్చుని అన్న కోట దాకా వెళ్లి తిరిగి వస్తోంది. గుడి నుంచి కోటకు దూరం ఎంతో లేదు, నడిచి వెళ్లిపోవచ్చు. అయినా ఆ ప్రయాణానికి సాయంత్రమంతా పడుతుంది. ఈ మాట ఉత్సవం గురించి రాసేవాళ్లు పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. మాను ఎత్తు, భక్తుల సంఖ్య, బందోబస్తు ఏర్పాట్లు పత్రికల నిండా ఉంటాయి. ఆ ఊరేగింపుకు గమ్యం కోట ఎందుకైందన్నది మాత్రం ఆనవాయితీ అన్న మాట కింద అణగిపోతుంది. రెండున్నర శతాబ్దాల కిందటి దుఃఖం ఒక దారిని, ఒక వేషాన్ని ఏర్పరచుకుని ఇప్పటికీ నడుస్తోంది.

దారి అన్న అంశం దగ్గర కాసేపు ఆగాలి. దుఃఖం గురించిన కథలు ప్రయాణంలోకి ఎందుకు దిగుతాయి? కదిలే బండిలో ఇద్దరూ ముందుకు చూస్తూ కూర్చుంటారు కాబట్టి ముఖం చూసుకోకుండా మాట్లాడుకోవచ్చు. ఇది పనికొచ్చే కారణమే, కానీ పైపై కారణం. అసలు సంగతి, ప్రయాణానికి చివర ఉంటుంది. ఇంట్లో కూర్చున్న దుఃఖానికి రేపు, ఎల్లుండి తేడా తెలియదు. రోడ్డు మీది దుఃఖానికి ఇంకా ఎన్ని కిలోమీటర్లో రాళ్ల మీద రాసి ఉంటుంది. వేషగాడిని భరించగలిగేది కూడా అందుకే. జీవితాంతం ఇంట్లో ఉంటానంటే అతను రోగి అవుతాడు, లేదా మోసగాడు అవుతాడు. ఊరు చేరేదాకా మాత్రమే అంటే తోడు అవుతాడు. భోక్తకు మధ్యాహ్నం ఎలా హద్దో, ఎల్విస్‌కు మెంఫిస్ అలాగ.

గరుడ పురాణం ఈ ప్రయాణాన్ని తిరగేసి చెబుతుంది. అందులో దారి పట్టేది బతికున్నవాళ్లు కాదు, పోయినవాళ్లు. ప్రేతం యమపురి చేరడానికి ఏడాది పడుతుంది. దారిలో పదహారు పట్టణాలు, వైతరణి నది. ఇంట్లో నెలనెలా పెట్టే మాసికాలు ఆ బాటసారికి దారి బత్తెం. ఏటిసూతకం పాటించే కుటుంబం ఆ ఏడాది పండగలు చేసుకోదు, శుభకార్యాలకు పోదు. మనిషి దారిలో ఉన్నాడు కాబట్టి ఇల్లు ఆగి ఉంటుంది. సపిండీకరణంలో ప్రేతానికి పెట్టిన పిండాన్ని తండ్రి తాతల పిండాల్లో కలిపినప్పుడు పోయినవాడి గుర్తింపే మారిపోతుంది: అప్పటిదాకా ప్రేతం, అక్కడినుంచి పితృదేవత. ఇంతకన్నా స్పష్టంగా దుఃఖాన్నీ ప్రయాణాన్నీ గుర్తింపు మార్పునూ ఒక తాటి మీదికి తెచ్చిన కథ హాలీవుడ్‌లో దొరకడం కష్టం. రోడ్డు సినిమా చేసిన మార్పల్లా, పోయినవాడిని ఒకచోట ఉంచి బతికున్నవాడిని దారిలోకి నెట్టడం.

విశాఖలో అస్థికలు కలపడానికి సముద్రం గుమ్మంలో ఉంది. అయినా చాలా కుటుంబాలు బయలుదేరతాయి. దక్షిణంగా అయితే పదహారో నంబరు జాతీయ రహదారి మీద (పాత డ్రైవర్లకు అది ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే) అనకాపల్లి, తుని, అన్నవరం దాటి రాజమహేంద్రవరం, సుమారు 190 కిలోమీటర్లు. ఉత్తరంగా అయితే శ్రీకాకుళం దాటి శ్రీకూర్మం, శ్వేతపుష్కరిణి. స్తోమత ఉంటే కాశీ, గయ. పక్కనే ఉన్న నీళ్లను కాదని అంత దూరం పోవడానికి పుణ్యక్షేత్రం మహిమ ఒక కారణం. కుండను ఒళ్లో పెట్టుకుని కొన్ని గంటలు కూర్చోవలసి రావడం కూడా కారణమే కావచ్చు, ఎవరూ అలా చెప్పుకోకపోయినా.

అయితే ఆ కారులో తెలుగువాడు ఒంటరిగా ఉండడు. ఇక్కడే అమెరికన్ కథ మన నేల మీద తడబడుతుంది. భార్య పోయిన కుర్రవాడిని ఒక్కడినే వందల మైళ్లు కారు నడపనిచ్చే బంధువర్గం మనకు లేదు. బావమరిది వెంట వస్తాడు. పెదనాన్న ముందు సీట్లో కూర్చుంటాడు. వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పులిహోర డబ్బా. దారిలో చెయ్యెత్తిన వాడిని ఎక్కించుకోవడానికి చోటుండదు, ఎక్కించుకుందామన్నా పెదనాన్న ఒప్పుకోడు. కాబట్టి ఈ కథను తెలుగులో రాయదలచుకున్నవాళ్లు కారును వదిలేసి బస్సునో రైలునో ఎంచుకోవడం మేలు. రత్నాచల్‌లోనో సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లోనో ఎదుటి సీటు ఎవరిదో ముందుగా తెలియదు. అపరిచితుడు అక్కడ సహజంగా ఉంటాడు. అనకాపల్లిలో ఎక్కిన మనిషి విగ్గు సంచిలో పెట్టుకుని, తాను తునిలో ప్రోగ్రాముకు వెళుతున్న జూనియర్ ఫలానా అని చెబితే నమ్మడానికి అడ్డంకి ఏమీ లేదు. అలాంటి వాళ్లు నిజంగానే ఆ రైళ్లలో తిరుగుతారు.

ఆ మనిషిని దగ్గరగా చూడటం అవసరం. స్టేజీ కింద నుంచి చూస్తే అతను అచ్చం హీరోలాగే ఉంటాడు. మెట్ల పక్కన నిలబడి చూస్తే ముక్కు వేరు, దవడ వేరు. విగ్గు అంచున బంక ఎండి తెల్లగా పొర కట్టి ఉంటుంది. చెమటకు పౌడరు కాలరు మీద చారలుగా దిగుతుంది. పోలిక ముఖంలో ఉండదు, రెండు మూడు గుర్తుల్లో ఉంటుంది. శోభన్‌బాబుకు నుదుటి మీద రింగు. ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌కు కాషాయ వస్త్రాలు. అక్కినేనికి నడుము దగ్గర ఒక ఊపు. చిరంజీవికి మెడ విరుపు. ఆ ఒక్క గుర్తు కనబడితే చాలు, మిగతా మనిషిని ప్రేక్షకుడే పూర్తి చేసుకుంటాడు. ఈల వేసేది స్టేజీ మీద ఉన్నదానికి కాదు, తన జ్ఞాపకంలోంచి లేచి వచ్చినదానికి.

కథానాయకుడు బతికి ఉన్నంతకాలం జూనియర్ది వినోదం. అసలు మనిషి హైదరాబాదులో ఉన్నాడు, ఇక్కడికి రాలేడు, కాబట్టి ఈయనతో సరిపెట్టుకుంటారు. చనిపోయాక ఆ పని స్వభావమే మారిపోతుంది. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. 2008లో శోభన్‌బాబు, 2014లో అక్కినేని, 2022 నవంబరులో కృష్ణ. ఒక తరం కథానాయకులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. వాళ్ల వేషం కట్టేవాళ్లు ఆ మర్నాటి నుంచి రాలేనివాడికి బదులుగా వచ్చేవాళ్లు కారు, ఇక ఎప్పటికీ రానివాడికి బదులు వచ్చేవాళ్లు. కింద కూర్చున్న డెబ్బై ఏళ్ల పెద్దాయన ఆ రింగు జుట్టు చూసి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటే అది శోభన్‌బాబు ఒక్కడి కోసమే కాకపోవచ్చు. ఆ సినిమా జగదాంబ థియేటర్లో తనతో పాటు చూసిన మనిషి కోసం కావచ్చు.

సినిమా కథలో పోయిన భార్య పోలికల మనిషిని కాక, ఎవరికీ ఏమీకాని ఒక గాయకుడి వేషగాడిని తేవడంలోని తెలివి ఇదే. భార్య ముఖంతో ఇంకొకరు ఎదురైతే ఆ కథ భయం వైపు పోతుంది, లేదా మోహం వైపు. పాత సినిమాలెన్నో అటే పోయాయి. ప్రసిద్ధుడి వేషమైతే దుఃఖం పక్కదారిన వస్తుంది. అతను అందరికీ తెలుసు, ఎవరికీ చుట్టం కాదు. అతని కోసం ఏడిస్తే ఎవరూ తప్పుపట్టరు. బీచ్ రోడ్డులో విగ్రహాలు కూడా ప్రసిద్ధులవే, కానీ విగ్రహం ‘తర్వాత ఏమైంది’ అని అడగదు. వేషగాడు అడుగుతాడు.

ఎల్విస్‌ను ఎంచుకోవడంలో మరో లోతు కూడా ఉంది. 1935 జనవరి 8న అతను పుట్టినప్పుడు కవల సోదరుడు జెస్సీ గారన్ ప్రాణం లేకుండా పుట్టాడు. తల్లి గ్లాడిస్ 1958 ఆగస్టు 14న చనిపోయింది. అప్పటికి ఎల్విస్ సైన్యంలో పనిచేస్తున్నాడు. ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదని అతని జీవితం తెలిసినవాళ్లందరూ చెబుతారు. గ్రేస్‌ల్యాండ్ తోటలో ఇప్పుడు తల్లీ కొడుకూ ఒకేచోట ఉన్నారు. ప్రాణం లేకుండా పుట్టిన ఆ కవలకు కూడా అక్కడ ఒక స్మృతిఫలకం ఉంది. ఏటా ఆగస్టు 15 రాత్రి అభిమానులు కొవ్వొత్తులు పట్టుకుని ఆ సమాధుల ముందు నుంచి వరుసగా నడుస్తారు. అంటే అందరూ అనుకరించే ఆ మనిషి తానే ఒక తీరని దుఃఖంతో తిరిగినవాడు.

తన పేరుతో తాను తిరగలేనివాడు కూడా. 1970 డిసెంబరు 21న అధ్యక్షుడు నిక్సన్‌ను కలవడానికి వాషింగ్టన్ వెళ్లినప్పుడు హోటల్లో జాన్ బరోస్ అనే మారుపేరుతో దిగాడు. నిక్సన్‌కు రాసిన ఉత్తరంలో ఆ సంగతి తానే రాశాడు. అసలు ఎల్విస్ మామూలు మనిషి వేషం వేసుకుని తిరుగుతుంటే, మామూలు మనుషులు ఎల్విస్ వేషం వేసుకుని తిరిగారు. ఇందులో అసలు ఎవరు, నకలు ఎవరు అని గీత గీయడం అనుకున్నంత సులువు కాదు.

ఆ గీత మన దగ్గర ఇంకా చెరిగిపోయింది. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ పోలీసుల చేతిలో మరణించాడు. మన్యం విశాఖకు పెరటి అడవి. యాభై ఏళ్లకు, 1974లో, కృష్ణ ఆ పాత్రలో నటించిన సినిమా వచ్చింది. అది ఆయన వందో చిత్రం, చిత్రీకరణ చింతపల్లి అడవుల్లో కూడా జరిగింది. ఆ తర్వాత తెలుగువారికి సీతారామరాజు అంటే కృష్ణ ముఖమే. ఆగస్టు 15న బడిలో కాషాయం కట్టి, గడ్డం అంటించుకుని, విల్లు పట్టుకున్న ఏడేళ్ల పిల్లవాడు నిజానికి వేసింది అల్లూరి వేషమా, కృష్ణ వేషమా? ఊళ్లలో వెలసిన విగ్రహాలను చూసినా అదే అనుమానం. ఎన్టీఆర్ కృష్ణుడు కూడా అంతే. ఎన్టీఆర్ వేషం కట్టే జూనియర్ నెమలిపింఛం పెట్టుకుని నిలబడితే అది వేషానికి వేషం. అయినా ఎదుట హారతి వెలిగించే ముసలమ్మకు అందులో తికమక ఏమీ లేదు. మూడు పొరల వెనక ఉన్నది ఎవరో ఆమెకు స్పష్టంగా తెలుసు.

ఇక వేషం విప్పడం సంగతి. ఇలాంటి సినిమాలన్నిటికీ ఒక బలహీనత ఉంది. చివర్లో వేషగాడి అసలు పేరు, అతను అలా మారడానికి కారణమైన విషాదం బయటపెట్టి, అదే వైద్యమన్నట్టు ముగించేస్తాయి. ‘ఫైండింగ్ గ్రేస్‌ల్యాండ్’ కూడా ఆ మనిషికి ఒక గాయాన్ని తగిలించి వివరణ ఇచ్చింది. వివరణ రాగానే మనిషి చిన్నబోతాడు. అప్పటిదాకా అతను ఎవరో తెలియనితనమే పక్కవాడికి చోటు ఇచ్చింది. కారణం చెప్పేశాక అతను కూడా మరో బాధితుడు అవుతాడు, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోవడం తప్ప ఏమీ మిగలదు.

దీని వెనక ఒక పాత సిద్ధాంతం పనిచేస్తోంది. దుఃఖం తీరడమంటే పోయినవారి నుంచి మనసును విడదీసుకోవడమేనని ఫ్రాయిడ్ 1917లో ప్రతిపాదించాడు. నిజాన్ని ఒప్పుకో, వదిలెయ్యి, ముందుకు సాగు అన్న సినిమా సూత్రం అక్కడి నుంచే కారుతూ వచ్చింది. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ తెచ్చిన పుస్తకం దీన్ని ఎదిరించింది. పోయినవారితో బంధం తెగదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది, అది రోగం కాదు అన్నది వాళ్ల వాదన. మనస్తత్వ శాస్త్రానికి అది మలుపు. ఏటా మహాలయ పక్షంలో తాతముత్తాతలను పేరు, గోత్రం పెట్టి పిలిచి నీళ్లు వదిలే సమాజానికి అందులో ఆశ్చర్యపోవలసినది తక్కువ. అయితే మన పద్ధతులను చూసి మురిసిపోవడానికి తొందరపడనక్కరలేదు. క్రతువు అయిపోయింది కాబట్టి దుఃఖం కూడా అయిపోయిందని, పన్నెండో రోజు తర్వాత ఇక ఏడవకూడదని కోడళ్ల మీద, కూతుళ్ల మీద ఒత్తిడి పెట్టే ఇళ్లు కూడా ఇవే. పలకని మాటలు చాలాసార్లు ఆడవాళ్ల దగ్గరే ఉండిపోతాయి, పిండం ముందు నిలబడి మాట్లాడే వంతు కొడుక్కే వస్తుంది. భోక్త కాక వేరే ఒక వేషగాడు అవసరమయ్యేది వాళ్లకే. తెలుగులో ఈ కథకు ప్రధాన పాత్ర స్త్రీ అయితే సగం కొత్తదనం దానంతటదే వస్తుంది.

వేషం విప్పే ఘట్టానికి తెలుగు సినిమా దగ్గర ఒక మంచి సదుపాయం ఉంది. దాని పేరు విశ్రాంతి. రెండు సగాలుగా కథ నడిపే అలవాటును విమర్శకులు తిట్టిపోస్తారు కానీ ఈ కథకు అది వరం. అసలు సంగతి చివర్లో కాక ఇంటర్వెల్ దగ్గర బయటపెడితే రెండో సగం మొత్తం ఒక కఠినమైన ప్రశ్న మీద నడవాలి: ఇతను అతను కాడని తెలిశాక కూడా ఇతనితో మాట్లాడతావా? భోక్తకు వడ్డించే కోడలు ప్రతి ఏటా ఎదుర్కొనే ప్రశ్న అదే, ఆమె జవాబు కూడా తెలిసిందే. రైలు తునిలో ఆగినప్పుడు అతని విగ్గు సంచి బయటపడిందనుకుంటే, అక్కడి నుంచి రాజమహేంద్రవరం దాకా ఇంకా గంటన్నర ప్రయాణం ఉంది. ఆ గంటన్నరలో ఏం జరుగుతుందన్నదే సినిమా. అప్పుడు వేషం విప్పడం పరిష్కారం కాదు, పరీక్ష అవుతుంది.

నటుడి ఎంపిక దగ్గర కైటెల్ ఒక పాఠం. అతనికి ఎల్విస్ పోలికలు దాదాపు లేవు. పోలిక ఉంటే ప్రేక్షకుడు పోలికను చూస్తూ కూర్చుంటాడు. లేకపోవడం వల్ల ఆ మనిషి మాటను నమ్మాలా వద్దా అన్నది ప్రేక్షకుడి నిర్ణయం అవుతుంది. తెలుగులో పెద్ద హీరో ఎవరూ ఇంకో హీరో జూనియర్‌గా వేషం వెయ్యడు. అభిమాన సంఘాలు ఒప్పుకోవు, నిర్మాత ధైర్యం చెయ్యడు. అదీ మంచికే. ఈ పాత్రకు రంగస్థలం నుంచి వచ్చిన, ముఖం పెద్దగా ఎరుగని నటుడు కావాలి. పద్యనాటకాల్లో ఏళ్ల తరబడి కృష్ణుడి వేషం కట్టినవాళ్లు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిని చూసి, ఆ రాగం తీసే పద్ధతిని గొంతులో నిలుపుకున్నవాళ్లు వాళ్లు. ఒకరి గొంతును తన గొంతులో మోయడమంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పక్కరలేదు.

చివరికి మిగిలేది ఎవరి వేషం అన్న ప్రశ్న. కల్పిత హీరో పేరు పెట్టుకుంటే చిక్కులు ఉండవు, కానీ ప్రేక్షకుడికి ఆ పేరుతో ఏ జ్ఞాపకమూ లేదు, కాబట్టి వేషం ఖాళీగా ఉంటుంది. నిజమైన పేరు పెట్టుకుంటే చట్టం ఎదురవుతుంది. 2015లో రజనీకాంత్ పేరుతో తీసిన ఒక హిందీ సినిమాను మద్రాసు హైకోర్టు ఆయన పిటిషన్ మీద అడ్డుకుంది. పేరు, రూపం, ప్రత్యేకమైన శైలి కూడా ఆయన సొత్తేనన్నది అక్కడి వాదన. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం 1984లో చేసిన చట్టం ప్రకారం ఈ హక్కు మరణం తర్వాత వారసులకు కూడా సంక్రమిస్తుంది. ఆ చట్టం రావడానికి ముఖ్య కారణం ఎల్విస్ ఆస్తి వ్యవహారమే. ‘ఫైండింగ్ గ్రేస్‌ల్యాండ్’ కార్యనిర్వాహక నిర్మాతల్లో ఎల్విస్ మాజీ భార్య ప్రిసిల్లా ప్రెస్లీ ఉండటాన్ని ఈ వెలుగులో చూడాలి.

మన దగ్గర పరిస్థితి వేరు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ జీవితం ఆధారంగా వచ్చిన సినిమా మీద ఆయన తండ్రి వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2023 జూలైలో మధ్యంతర ఉత్తర్వులకు నిరాకరించింది. అలాంటి హక్కులు మనిషితోనే ముగుస్తాయని, వారసత్వంగా రావని చెప్పింది. అంటే బతికి ఉన్న కథానాయకుడి వేషం కన్నా వెళ్లిపోయిన కథానాయకుడి వేషం కట్టడానికే మన చట్టంలో ప్రస్తుతానికి వీలు ఎక్కువ. ఈ కథకు కావలసింది కూడా వెళ్లిపోయినవాడే. రింగు జుట్టుతో రైలెక్కే మనిషిని రాయదలచుకున్న రచయితకు కోర్టుతో పెద్దగా పేచీ ఉండదు. కుటుంబాన్ని ముందుగా కలిసి ఒక మాట చెప్పడం మర్యాద. అభిమాన సంఘాలను ఒప్పించడం మాత్రం నిర్మాత పని.